నెత్తురంటని బాణం

అరకు అనగానే కింది ఊళ్లవాళ్లు చలి గురించి మాట్లాడతారు. మాఘమాసంలో వచ్చి దుప్పటి కప్పుకుని పోయేవాళ్ల మాట అది. వాన మొహం చూడని ఏడాది, చైత్రంలో, అనంతగిరి పై కొండల్లో ఒక్క మధ్యాహ్నం నిలబడితే ఆ మాట మళ్లీ అనరు. పోడు కోసం తగలబెట్టిన వాలులో కింద బూడిద, పైన ఎండ, మధ్యలో మనిషి. మంగలంలో వేసిన గింజ సంగతే.

జీలుగుమెట్ట ఆ వాలుకు ఆనుకుని ఉన్న చిన్న ఊరు. కొత్తవలస నుంచి పైకి రైలు వేసి అప్పటికి కొన్నేళ్లే అయింది. ఇనుపరాయి మోసే గూడ్సుబండి సొరంగంలో కూత వేస్తే కొండకు కొండే ఉలిక్కిపడేది. ఆ కూతకు జంతువులు ఎటు పోయాయో పోయాయి. దానికి తోడు ఆ ఏడాది ఊట సన్నబడిపోయింది. ఒక కుండ నిండేలోపల ఆడవాళ్లు ఒకరి తలలో ఒకరు పేలు చూసుకోవచ్చు.

అట్లాంటి ఎండల్లో ఇటుకల పండగ వచ్చింది. ఆ పండగ ఉన్నన్నాళ్లూ మగవాళ్లు రోజూ వేటకు పోవాలి. ఏదో ఒకటి కొట్టుకొస్తే ఆడవాళ్లు ఊరి మొగలో ఎదురొచ్చి, కాళ్లు కడిగి, పాట పాడి తీసుకెళ్తారు. ఉత్త చేతులతో వస్తే పేడనీళ్లు. నెత్తి మీద కుండ బోర్లించి, నోటికొచ్చిన మాటలన్నీ అంటారు. ఎవరూ కోప్పడకూడదు. పండగ కదా మరి. కానీ పేడనీళ్లు కడుక్కుంటే పోతాయి, మాటలు అంత తొందరగా పోవు.

సుక్రుకు ఆ సంగతి బాగా తెలుసు. ఒకప్పుడు అతను పోతే ఊరికి కూర వచ్చినట్టే లెక్క. ఇప్పుడు చూపు మందగించింది. గురి పెట్టినచోట ఒక పొద ఉంటే రెండు కనిపిస్తున్నాయి. తన సంగతి పోనీ, తన తిట్లు తాను పడతాడు. అతని బెంగ అంతా అల్లుడు మంగ్లు గురించి.

మంగ్లు సాలూరు వైపు కొండల నుంచి వచ్చినవాడు. సుక్రు కూతురు చిన్నమ్మిని చేసుకుని, అత్తారింట్లోనే ఉండి పోడు చేస్తున్నాడు. ఈ ఊళ్లో అతనికి ఇదే మొదటి వేట పండగ. చిన్నమ్మి సుక్రుకూ అతని పెళ్లాం సోములమ్మకూ పుట్టినవాళ్లలో మిగిలిన ఒక్కత్తే. మిగతావాళ్లంతా నడక రాకముందే పోయారు. ఇప్పుడు ఆమె నెలలు నిండుతున్న మనిషి. కుండ నెత్తిన పెట్టుకుని ఊట నుంచి ఎక్కివస్తుంటే సుక్రు గడపలో కూర్చుని ఆమె అడుగులే చూసేవాడు. ఎక్కడ కాలు జారుతుందోనని.

పండగ మొదలైన దగ్గర్నుంచి వేటగాళ్లు రోజూ ఉత్త చేతులతోనే వస్తున్నారు. ఆ సాయంత్రం పేడకుండ పట్టుకుని ముందు నిలబడింది అచ్చియమ్మ. ఊళ్లో ఏ పురుడుకైనా మంత్రసాని ఆమే. అందుకని ఆమె నోటికి అడ్డులేదు.

"రండి రండి. పులిని తెచ్చినారా, ఏనుగుని తెచ్చినారా? కొండ దింపినట్టు సెమట దింపినారు."

మగవాళ్లు నవ్వుతూ తల వంచారు. పేడనీళ్లు పడ్డాయి. మంగ్లు వంతు వచ్చేసరికి అచ్చియమ్మ ఆగింది. పాత చీరముక్క ఒకటి తీసి అతని నడుముకు చుట్టింది.

"ఏరా సాలూరు అల్లుడా, మా గుంట కడుపుతో ఉంది. దానికి ఏటి పెడతావు? గాలి వొండి పెడతావేటి?"

"రేపు తెత్తాను," అన్నాడు మంగ్లు నేల చూస్తూ.

"రేపు తెత్తాడంట. నిన్న కూడా రేపన్నాడు. ఓలమ్మా సిన్నమ్మీ, నీ మొగుడికి నిన్నా రేపూ ఒకటేనే."

అందరితోపాటు చిన్నమ్మి కూడా నవ్వింది. చీరముక్క నడుముకు వేలాడుతున్న మొగుణ్ణి చూసి ఏ పెళ్లామైనా నవ్వుతుంది. మంగ్లు మాత్రం ఆ నవ్వొక్కటే విన్నాడు. ఇంటికొచ్చాక ఆమె గిన్నెలో అంబలి పోస్తూ మెల్లగా అంది. "నిజంగానే వేట కూర తినాలనుంది. నోరంతా సప్పగా ఉంటాది. ఒక్క ముక్కైనా సాలు."

మంగ్లు గిన్నె పక్కకు జరిపాడు. అంబలి తాగకుండానే పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే మగవాళ్లు బయల్దేరేవేళకు ఆడవాళ్లు కింద బండి దారికి అడ్డంగా వెదురు గెడ కట్టి కూర్చున్నారు. పండగలో దారిన పోయేవాళ్లను ఆపి ఏదో ఒకటి ఇప్పించుకోవడం వాళ్ల సరదా. ఆ గెడ దగ్గర సైకిలు దిగాడు హెల్తు వర్కరు వరహాలరావు. సాలూరు మనిషి. జ్వరాల మాత్రలు, బావుల్లో వేసే బ్లీచింగు మూట సైకిలుకు కట్టుకుని ఊరూరా తిరిగేవాడు. మంచివాడే. జేబులో చిల్లర తీసి ఇచ్చి, వేటకు పోతున్న మగవాళ్లను చూసి ఆగాడు.

"ఇదుగో, ఎండలు చూస్తున్నారు కదా. ఏదైనా దొరికితే ఏ పూటది ఆ పూటే వండేసుకోండి. నిలవుంచొద్దు. చచ్చిపడున్న జంతువు కనిపిస్తే ముట్టుకోనే వద్దు. ఈ వేడికి లోపల విషం పుడుతుంది. ఎంత ఉడకబెట్టినా పోదు."

"ముందు దొరకనీ బాబూ," అంది అచ్చియమ్మ. "మా మగాలు బతికున్నదాన్నే కొట్టలేకపోతన్నారు. సచ్చినదాన్ని ఏటి కొడతారు?"

అందరూ నవ్వారు. వరహాలరావు కూడా నవ్వి సైకిలెక్కాడు. సుక్రు ఆ మాట విన్నాడు, విని మర్చిపోయాడు. దొరకనిదాని గురించి జాగ్రత్తలు ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఊరి పెద్ద కొండబాబు మనుషుల్ని జట్లుగా విడగొట్టాడు. మామా అల్లుళ్లు ఒక జట్టు. వాళ్లు ఎడమ చేతి వైపు లోయలోకి దిగారు. అడుగున ఒక మడుగు ఉంది. గెడ్డవాగు మిగతాదంతా ఎండిపోయినా అక్కడ మోకాలి లోతు నీళ్లుంటాయి. జంతువన్నది మిగిలుంటే అక్కడికే రావాలి.

మంగ్లు కుర్రవాడు, ముందు దిగిపోయాడు. సుక్రు రాయి రాయి పట్టుకుని వెనక వస్తున్నాడు. మడుగు ఇంకా కనపడకముందే వాసన తగిలింది. పెద్ద వాసనేమీ కాదు. గాలి అటు తిరిగితే వస్తుంది, ఇటు తిరిగితే పోతుంది. తర్వాత వింటినారి మోగిన చప్పుడు వినిపించింది.

సుక్రు వెళ్లేసరికి మడుగు ఒడ్డున పెద్ద కణుజు దుప్పి పడి ఉంది. మూతి నీళ్లలో, ఒళ్లు గట్టు మీద. దాని డొక్కలో మంగ్లు బాణం దిగి ఉంది. మంగ్లు పక్కన నిలబడి రొప్పుతున్నాడు.

"కొట్టినాను మావా," అన్నాడు.

సుక్రు దగ్గరకు వెళ్లి వంగాడు. చూపు మందగించినా వేలికి చూపు తగ్గలేదు. బాణం దిగినచోట తడిమాడు. పొడిగా ఉంది. బతికున్న ఒంట్లో బాణం దిగితే నెత్తురు ఎగదన్నుతుంది. చచ్చినదానికి దిగితే మట్టికుప్పలో దిగినట్టే. పొట్ట డప్పులా బిగిసి ఉంది. కంటి కొసల్లో ఈగలు తెల్లగా గుడ్లు పెట్టేశాయి. వెనక తొడలో విరిగిన బాణం మొన ఒకటి ఉంది. దానికి వెనక ఎర్రదారం చుట్టు. అది ఈ ఊరి బాణం కాదు. అవతల కొండవాళ్లెవరో కొడితే తప్పించుకుని, దాహానికి ఇక్కడిదాకా వచ్చి పడిపోయిందన్నమాట. ఎప్పుడు పడిందో ఏమో. నిన్నటి ఎండ మాత్రం పూర్తిగా తిన్నది.

సుక్రు లేచి అల్లుడి మొహం చూశాడు. మంగ్లు కళ్లు పక్కకు తిప్పుకున్నాడు. నిన్న పడిన పేడ ఇంకా అతని చెవి వెనక ఎండి ఉంది.

"మంగ్లూ."

"కొట్టినాను మావా. నువ్వొచ్చేసరికి పడిపోనాది."

ఒక్క మాట చాలు అప్పుడు. "ఇది సచ్చినదిరా, వొగ్గేయ్" అంటే అయిపోయేది. ఆ మాట సుక్రు నాలుక చివరిదాకా వచ్చింది. అంతలోనే గట్టు పైన కొండబాబు వాళ్ల గొంతులు వినిపించాయి. ఆ మాట అంటే అందరూ వింటారు. చచ్చినదానికి బాణమేసి కొట్టానన్నవాడు ఆ కొండల్లో ఇంక తల ఎత్తుకు తిరగలేడు. పెళ్లాన్ని తీసుకుని సాలూరు వైపు వెళ్లిపోవాల్సిందే. చిన్నమ్మి వెళ్లిపోతుంది. ఆ పుట్టబోయే బిడ్డ అక్కడెక్కడో పుడుతుంది.

సుక్రు వంగి, తొడలోని విరిగిన మొనను రెండు వేళ్లతో పీకి, తుప్పల్లోకి విసిరేశాడు. తర్వాత రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని వేట దొరికిందని కేక వేశాడు. ఆ కేక కొండకు తగిలి తిరిగొచ్చింది.

అందరూ దిగివచ్చారు. ఒకాయన ముక్కు చిట్లించాడు. "కొంచెం కుళ్లు వాసన కొడతాది."

"ఎండ కాదేటి," అన్నాడు కొండబాబు. అతని నెత్తి మీద కూడా రోజూ పేడనీళ్లు పడుతున్నాయి. "పేగులు తీసేత్తే పోద్ది. బేగి కానియ్యండి."

పేగులు తీశారు. లోపల ఆకులు కుక్కి, కావడికి కట్టి, వంతులవారీగా మోశారు. మధ్యాహ్నం ఎండలో కొండెక్కడానికి ఆ పొద్దంతా పట్టింది. సుక్రు వెనకే నడిచాడు. వేలాడుతున్న తల చుట్టూ ఈగలు ముసిరి వస్తున్నాయి. ఆ ఈగల మోతలోనే ముందున్నవాళ్లు పాట ఎత్తుకున్నారు.

ఊరి మొగలో ఆడవాళ్లు పేడకుండతో సిద్ధంగా ఉన్నారు. కావడి చూసి కుండ పక్కన పడేశారు. అచ్చియమ్మ తానే నీళ్లు తెచ్చింది. ఆ నీళ్లు లేని రోజుల్లో కుండెడు నీళ్లతో మంగ్లు కాళ్లు కడిగింది.

"నిన్న అన్నవన్నీ ఎనక్కి తీసుకుంతన్నాను అల్లుడా. నీ నోట్లో రేపంటే రేపే."

మంగ్లు నవ్వబోయాడు. చిన్నమ్మి గుంపులోంచి అతన్నే చూస్తూ ఉంది. ఆ చూపు చూసి సుక్రు తల తిప్పుకున్నాడు.

పంపకం మొదలైంది. ఆ ఊళ్లో పంపకానికి ఒక పద్ధతుంది. గడప గడపకూ వాటా వెళ్లాలి. మంచాన పడ్డవాడికీ, పాలు తాగే పిల్లకూ వాటా ఉంటుంది. కడుపుతో ఉన్నదానికి రెండు వాటాలు, ఒకటి తనకు, ఒకటి లోపలి ప్రాణానికి. కొట్టినవాడికి తల. కొట్టినవాడి పెళ్లాం కడుపుతో ఉంటే కార్జం ఆమెకే. దాన్ని నిప్పుల మీద ఆమె ఎదురుగానే కాల్చి, పెద్ద ఆడది తన చేత్తో తినిపించాలి. వాటా వద్దనడం ఉండదు. వద్దన్నవాడు ఊరి చెడు కోరినట్టు.

అచ్చియమ్మ నిప్పులు సర్దుతోంది. కార్జం నల్లగా, మెత్తగా ఆకులో ఉంది. పట్టుకుంటే వేలు దిగిపోయేలా ఉంది. సుక్రుకు పొద్దున వరహాలరావు అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. అతను మనుషుల్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"అచ్చియప్పా, ఆగు. కడుపుతో ఉన్నోళ్లు కణుజు తినకూడదు."

"ఎవులు సెప్పినారు?"

"మా తాత అనేవోడు."

"మీ తాతా? నీ యమ్మ నిన్ను కడుపున పెట్టుకుని కణుజు తిన్నాది. నేను అప్పుడు సిన్నగుంటని, పక్కనే కూకుని నేనూ తిన్నాను. అందుకే నీకు ఈ మాత్రం తెలివుంది."

అంతా గొల్లుమన్నారు. సుక్రు కూడా నవ్వినట్టు చేశాడు. మళ్లీ అన్నాడు. "అది కాదప్పా. బాగా కాల్సు. నల్లగా అయ్యేదాకా కాల్సు."

"కార్జం నల్లగా కాలిత్తే తోలు తిన్నట్టుంతాది. నువ్వెల్లి కల్లు తాగు, పో. తల నీకు రానేదని కుళ్లుకుంతన్నావేటి?"

అది వేళాకోళమే. కానీ ఆ మాటకు నలుగురూ సుక్రు వైపు కొత్తగా చూశారు. ముసలి వేటగాడు, అల్లుడికి పేరొస్తే ఓర్వలేకపోతున్నాడన్న చూపు. సుక్రు గుంపులోంచి బయటికొచ్చి, చింతచెట్టు కింద కల్లు కుండ దగ్గర కూర్చున్న మంగ్లు పక్కన చతికిలబడ్డాడు.

"నువ్వే సెప్పు. నీ పెళ్లాం నీ మాటింతాది. తినొద్దని సెప్పు."

"ఏటని సెప్పమంతావు మావా?"

"ఏదో ఒకటి సెప్పు."

మంగ్లు ఆకుదొన్నె కింద పెట్టాడు. "నేనేటి సెప్పినా ఎందుకని అడుగుతారు. కేకేసింది నువ్వే కదా. నువ్వు కేకెయ్యకపోతే నేను వొగ్గేసి వొచ్చుదునేమో."

అందులో నిజమెంతో మంగ్లుకే తెలియాలి. సుక్రుకు మాత్రం ఆ మాట బాణంలాగే దిగింది. అతనిక లేవలేకపోయాడు. అక్కణ్ణుంచే చూశాడు. అచ్చియమ్మ పైన మాత్రమే కాలిన ముక్కను ఉప్పులో అద్ది, ఊది, చిన్నమ్మి నోట్లో పెట్టింది. చిన్నమ్మి కళ్లు మూసుకుని నమిలింది. మింగాక తండ్రి వైపు చూసి నవ్వింది. నోటి కొసన మసి అంటుకుని ఉంది.

సుక్రు తన ఇంటి వాటా తినలేదు. సోములమ్మ అడిగితే పన్ను నొప్పన్నాడు. ఆమె కొంచెం తిని, మిగతాది ఊళ్లో అందరిలాగే సన్నగా కోసి, ఉప్పుకండ చేసి పొయ్యి పైన పొగకు వేలాడదీసింది. వాన పడి గింజ మొలిచేదాకా అదే ఆధారం.

తెల్లారేసరికి ఊళ్లో సగం ఇళ్లలో వాంతులు. దుక్కల్లాంటి మగవాళ్లు గెడ్డ పక్క తుప్పల్లోకి పోయి రాలేకపోతున్నారు. పొద్దెక్కేకొద్దీ ఎండ, ఎండకు తోడు దాహం, దాహానికి ఊట దగ్గర వరస. సోములమ్మ కుండ పట్టుకుని ఎదురుచూసినంతసేపూ ఇక్కడ చిన్నమ్మి పెదవులు ఎండిపోయాయి. తాగిన నీళ్లు తాగినట్టే వచ్చేస్తున్నాయి. కడుపు రాయిలా బిగిసిందని, లోపల కదలిక తెలియడం లేదని అంది. ఆమె గొంతు లోతైన గోతిలోంచి వచ్చినట్టు ఉంది. అచ్చియమ్మను పిలుద్దామంటే ఆమే మంచం దిగలేక పడుంది.

"కిందకి దింపుదాం," అన్నాడు సుక్రు. "రోడ్డు మీద ఏ జీపైనా దొరుకుతాది."

మంగ్లూ అతనూ గెడకు దుప్పటి కట్టి ఆమెను అందులో పడుకోబెట్టుకుని దిగారు. దారంతా సుక్రు ఆ ఒక్క మాట చెప్పాలనుకున్నాడు. ఇప్పుడు ఎవరికి చెప్పాలి? ముందు మోస్తున్నవాడికి తెలుసు. వెనక మోస్తున్న తనకు తెలుసు. మధ్యలో ఉన్నదానికి చెప్పి లాభం లేదు.

సగం దారిలో చిన్నమ్మి కళ్లు తెరిచింది. "అయ్యా, నీళ్లు," అంది. సొరకాయ బుర్రలో అడుగున ఉన్నది ఆమె నోట్లో పోశాడు. అది పెదవి కొస నుంచి జారి మెడ మీదకు కారిపోయింది. రైలుకట్ట కనిపించే మలుపు దగ్గరకొచ్చేసరికి దుప్పటి బరువు మారింది. మోసేవాడికి అది తెలుస్తుంది. ఇద్దరూ ఒకేసారి ఆగారు. ఎవరూ దించమని చెప్పలేదు. కొంతసేపు అట్లాగే భుజాల మీద పెట్టుకుని నిలబడ్డారు. తర్వాత వెనక్కి తిరిగి ఎక్కడం మొదలుపెట్టారు.

కబురు అంది వరహాలరావు వచ్చేసరికి చిన్నమ్మిని మట్టి చేసేశారు. ఊళ్లో పాలు తాగే పిల్ల ఒకటి, మంచాన ఉన్న ముసలాయన ఒకరు కూడా పోయారు. మిగతావాళ్లు కళ్లు గుంటలు పడి గోడలకు ఆనుకుని కూర్చున్నారు. వరహాలరావు మాత్రలు పంచాడు. ఉప్పూ బెల్లం కలిపిన నీళ్లు తాగమన్నాడు. కొండబాబు ఇంటి అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటీ అడిగాడు.

"ఏం తిన్నారు?"

"వేట కూర," అన్నాడు కొండబాబు. "అందరం తిన్నాం. కొందరికి ఏటీ అవనేదు."

"ఎప్పుడు కొట్టింది? బతికుండగా కొట్టిందేనా?"

కొండబాబు సుక్రు వైపు చూశాడు. "సుక్రు బావ అక్కడే ఉన్నాడు. కేకేసింది ఆయనే."

అందరూ సుక్రు వైపు తిరిగారు. మంగ్లు గోడ వారన కూర్చుని కాళ్ల మధ్య నేలను గోకుతున్నాడు. తల ఎత్తలేదు. మొగుడు కొట్టి తెచ్చిన కూర తిని, తృప్తిగా పోయిందని ఆడవాళ్లు చిన్నమ్మి గురించి ఏడుస్తూ చెప్పుకుంటున్నారు. ఆ ఒక్క మాట కూడా ఆమె దగ్గర్నుంచి లాక్కోవాలా అనిపించింది సుక్రుకు. తనను తాను కాపాడుకోవడానికి మనిషికి ఎన్ని మంచి కారణాలు దొరుకుతాయో చూడండి.

"ఆ పొద్దే కొట్టినాడు బాబూ," అన్నాడు. "నా కళ్ల ముందే పడిపోనాది."

వరహాలరావు తల ఊపాడు. "అయితే నీళ్లే. ఊట ఇంకిపోయి అడుగు మురికి వస్తోంది."

సుక్రు చెప్పిందాన్ని బట్టి వరహాలరావు చేశాడు. తప్పు పట్టడానికేమీ లేదు. మూట విప్పి, బ్లీచింగు పొడి కలిపి ఊటలో పోశాడు. కాచి తాగమని చెప్పి, అవతలి ఊళ్లో కూడా జ్వరాలున్నాయని వెళ్లిపోయాడు. ఇళ్లలో పొయ్యి పైన వేలాడుతున్న ఉప్పుకండల గురించి అతనికి ఎవరూ చెప్పలేదు. అతనూ అడగలేదు. ఆ పొద్దే కొట్టిన మాంసం కదా.

ఆ ఊట నీళ్లు ఎవరూ నోట పెట్టలేకపోయారు. మందు కంపు. పిల్లలు ఉమ్మేశారు. అందుకని ఆడవాళ్లు కుండలు పట్టుకుని ఎడమ లోయలోని మడుగుకు దిగడం మొదలుపెట్టారు.

సుక్రు అది చూసి పరుగులాంటి నడకతో వెళ్లాడు. కణుజు పడి ఉన్న గట్టు మీద కాలు పెట్టి ఆడవాళ్లు నీళ్లు ముంచుకుంటున్నారు. తీసేసిన పేగులు ఎగువన ఈగలు ముసిరి పడి ఉన్నాయి. "ఈ నీళ్లొద్దు," అన్నాడు. "మరేవి తాగమంతావు? నీ ఇంట్లో సెరువుందేటి?" అంది ఒకామె. అంటే అంది గానీ, బిడ్డ పోయినవాడని గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. సుక్రు తుప్పల్లో మోకాళ్ల మీద పాకుతూ వెతికాడు. చాలాసేపటికి ఎర్రదారం చుట్టిన బాణం మొన చేతికి తగిలింది. దాన్ని పంచె కొంగులో ముడేసుకున్నాడు.

చిన్నమ్మి దినం వచ్చింది. దినానికి ఊరంతా చావు ఇంటి దగ్గరే తినాలి. ఆ ఇంట్లో లేకపోతే తలా ఒకటి తెచ్చి కలపాలి. ఆ ఎండల్లో ఎవరింట్లో ఏముంది? సామలు కొన్ని, చింతపండు, పొయ్యి పైన ఉప్పుకండ. ఇంటింటి నుంచి తెచ్చినవి సోములమ్మ పెద్ద కుండలో వేసి వండింది. అది చిన్నమ్మికి ఇష్టమైన కూర అని ఆమే అంది. పొద్దున దించిన కుండ మధ్యాహ్నం అందరూ కూడేదాకా చూరు కింద అట్లాగే ఉంది. గోడ నీడ తప్పుకుని ఎండ దాని మీదికొచ్చింది.

ఆకులు వేశారు. అందరూ వరసలో కూర్చున్నారు. పిల్లలు కూడా. సుక్రు లేచి కుండకు అడ్డంగా నిలబడ్డాడు. కొంగు ముడి విప్పి, బాణం మొన నేల మీద పెట్టాడు.

"ఈ కూర తినొద్దు," అన్నాడు. "ఆ కణుజుని మనం కొట్టనేదు. అవతల కొండోళ్ల బాణం తగిలి అది ముందే సచ్చి పడుంది. మంగ్లు బాణానికి నెత్తురు అంటనేదు. నేను సూసినాను. సూసి కేకేసినాను. నా గుంటని నేనే సంపుకున్నాను. మీరు తినకండి."

గోడ పక్క కోడి ఒకటి నేల గీరుతున్న చప్పుడు వినిపించింది. మంచం మీద నుంచి లేచి వచ్చి, చేతికర్ర పట్టుకుని కూర్చున్న అచ్చియమ్మ ముందుగా నోరు విప్పింది.

"సుక్రూ, నువ్వు ఆ పొద్దు హెల్తుబాబుతో ఏటన్నావు? నీ కళ్ల ముందే పడిపోనాదన్నావు కాదా?"

"అబద్ధం ఆడినాను."

"మరిప్పుడు ఆడతన్నావో, అప్పుడు ఆడినావో మాకెలా తెలుత్తాది? నేను తిననేదా ఆ కూర? బతికి కూకోనేదా?"

కొండబాబు బాణం మొన తీసి తిప్పి చూశాడు. "అడవిలో ఇలాటివి ఎన్ని నేవు," అన్నాడు మెల్లగా. అతనికీ ఆ కుళ్లు వాసన గుర్తుందో లేదో తెలియదు. గుర్తుంటే మాత్రం, తనూ ఆ కావడి మోసినవాడే. మొనను పక్కన పెట్టేశాడు. "మంగ్లూ, నువ్వు సెప్పరా. నువ్వు కొట్టినోడివి. బతికుండగా కొట్టినావా, నేదా?"

మంగ్లు బాగా చిక్కిపోయాడు. కళ్లలో తడి లేదు. మామ మొహం చూశాడు, నేల మీదున్న మొన చూశాడు. తర్వాత కుండలోంచి తానే గరిటెతో తన ఆకులో వేసుకుని, ముక్క నోట్లో పెట్టుకుని నమలసాగాడు. తొందరపడకుండా, పక్కనెవరూ లేనట్టు నమిలాడు.

అందరికీ ఆ నమలడమే జవాబైంది. వరసలో ఆకులు సర్దుకున్నాయి.

సుక్రు కుండను తన్నబోయాడు. ఇద్దరు మగవాళ్లు లేచి అతని రెక్కలు పట్టుకున్నారు. ఆ పట్టులో కోపం లేదు. బిడ్డ పోయిన తండ్రి నేల మీద పడి దొర్లకుండా ఎట్లా పట్టుకుంటారో అట్లా పట్టుకున్నారు. వాళ్లలో ఒకడు వీపు నిమురుతూ "కూకో మావా, కూకో" అంటున్నాడు. కూర్చోబెట్టారు. కూర్చోబెట్టాక కూడా చేతులు వదల్లేదు.

సోములమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని వరస వెంట వడ్డిస్తూ వచ్చింది. చిన్నపిల్లలకు ముక్కలు చిదిపి మరీ వేసింది. మొగుడి ముందు కూడా ఒక ఆకు పరిచి, చిన్న ముక్క చూసి వేసింది. సుక్రు ఆమె మొహంలోకి చూశాడు. ఆమె అతని మాట నమ్మిందో లేదో అందులో ఏమీ కనిపించలేదు.

వరస చివర మంగ్లు తినడం అయిపోయింది. ఖాళీ ఆకు అత్త వైపు జరిపి, "ఇంకో ముక్క ఎయ్యత్తా," అన్నాడు.